టెక్ సందేహాలు: బ్యాటరీ గ్రైండర్ కొంటే షాక్ టెన్షన్ పోతుందా?

ఫోన్ స్టోరేజీ నిండిపోయింది, వాట్సాప్ బ్యాకప్ రావడం లేదు... ఈ శీర్షికకు ఎక్కువగా వచ్చేవి ఇలాంటి ప్రశ్నలే. ఈసారి ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి మూడు ప్రశ్నలు పనిముట్ల గురించి వచ్చాయి. ఫోన్ల సంగతి వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాను. అంచులు రుద్దేటప్పుడు రాయి మీద నీళ్లు పోస్తాం. గ్రైండర్ అప్పుడప్పుడు చేతికి జివ్వుమంటోంది. ప్లగ్గుకు రెండు పిన్నులే ఉన్నాయి. మూడో పిన్ను వేయించాలా, లేక బ్యాటరీది కొంటే సరిపోతుందా?

జవాబు: ముందు ఆ మిషన్‌ను పక్కన పెట్టండి. ఇవాళ జివ్వుమన్నది తడి కాళ్లతో నిలబడ్డ రోజు అక్కడితో ఆగదు.

రెండు పిన్నులు ఉండటం లోపం కాదు. గ్రైండర్ మీద అతికించిన రేకులో చదరంలో ఇంకో చదరం గీసిన గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్. దానికి ఎర్త్ అక్కర్లేదు. మూడు పిన్నుల ప్లగ్గు తగిలించినా లోపల ఆ తీగను కలిపే చోటే ఉండదు. అయితే మామూలు గ్రైండర్‌ను పొడి పని కోసం తయారు చేస్తారు. మోటారు చల్లబడటానికి గాలి లాక్కునే కంతల్లోంచే నీళ్లూ రాతి బురదా లోపలికి పోతాయి. అప్పుడు ఎన్ని పొరల ఇన్సులేషన్ ఉన్నా తడే కరెంటుకు దారి.

పోనీ నీళ్లు మానేద్దామా అంటే అదీ కుదరదు. పొడిగా రుద్దితే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. (చీమకుర్తి నల్లరాయి, మన బ్లాక్ గెలాక్సీని అందరూ గ్రానైట్ అంటారు గానీ నిజానికి అది గాబ్రో జాతి రాయి. మామూలు గ్రానైట్ కంటే దాన్లో సిలికా దుమ్మయ్యే క్వార్ట్జ్ చాలా తక్కువ. అలాగని ఆ దుమ్ము పీల్చమని కాదు. పైగా మీ యూనిట్‌కు వచ్చేది గెలాక్సీ ఒక్కటే కాదు కదా.) కాబట్టి నీళ్లు ఉండాల్సిందే, మారాల్సింది మిషన్. తడి పని కోసమే చేసిన వెట్ పాలిషర్లు దొరుకుతాయి. కొన్నిటికి వైరు మీదే లీకేజీని పట్టి ఆపే చిన్న పెట్టె ఉంటుంది. యూనిట్‌లో కంప్రెసర్ ఉంటే గాలితో తిరిగే పాలిషర్ ఇంకా నయం, చేతిలో కరెంటే ఉండదు.

ఇక బ్యాటరీ గ్రైండర్. 18 వోల్టుల డీసీతో ప్రాణం మీదికి తెచ్చే షాక్ భయం దాదాపు ఉండదు, నిజమే. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 18 వోల్టులదీ 20 వోల్టులదీ సాధారణంగా ఒకటే: లోపల 3.6 వోల్టుల సెల్స్ వరుసకు ఐదు. ఫుల్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు వోల్టేజీ 20 దాకా వెళ్తుంది, కొందరు డబ్బా మీద అదే వేసుకుంటారు. ఆ రెండు వోల్టుల కోసం అదనంగా డబ్బులు పెట్టకండి. నీళ్లు మాత్రం ఈ బ్యాటరీకీ పడవు.

డిస్కుకు తనను తిప్పేది బ్యాటరీయా కరెంటా అన్నది అనవసరం. నాలుగంగుళాల గ్రైండర్లు చాలావరకు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతాయి. గార్డు విప్పేసి దానికే ఏడంగుళాల డిస్కు బిగించడం నేను కళ్లారా చూశాను. ఆ డిస్కు మీద 8,500 అని రాసి ఉంటుంది, అంటే నిమిషానికి అన్ని చుట్లు మించి తిప్పకూడదని. 11,000తో తిప్పితే దాని అంచు గంటకు 370 కిలోమీటర్ల వేగం దాటుతుంది. పగిలితే ముక్క ఎటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, కరెంటు గ్రైండర్‌కు డిస్కు మార్చేటప్పుడు ప్లగ్గు పీకే అలవాటు కొందరికైనా ఉంటుంది. బ్యాటరీదానికి ప్లగ్గే లేదు కాబట్టి ఎవరికీ గుర్తురాదు. బ్యాటరీ ఊడదీశాకే స్పానర్ పట్టుకోండి.

ప్రశ్న: పొదిలి దగ్గర మిరప వేశాం. మందు కొట్టే స్ప్రేయర్‌లో పాత 12 వోల్టుల బ్యాటరీ పోతే షాపులో లిథియం ప్యాక్ వేసి ఇచ్చారు. ఛార్జర్ పాతదే వాడుతున్నాను. ప్యాక్ బాగా వేడెక్కుతోంది.

జవాబు: ఆ ఛార్జర్ వాడటం ఇవాళే ఆపండి. ‘12 వోల్టుల లిథియం’ పేరుతో రెండు రకాలు అమ్ముతారు. మూడు లిథియం అయాన్ సెల్స్‌ది ఒకటి. దాని మీద 11.1 వోల్టులు అని ఉంటుంది, నిండితే 12.6. రెండోది నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ది. 12.8 అని ఉంటుంది, నిండితే 14.6. మీ పాత ఛార్జర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం చేసింది, 14 వోల్టుల పైదాకా తోస్తుంది. మొదటి రకానికి అది తగిలిస్తే అడ్డుపడేది లోపలున్న చిన్న రక్షణ బోర్డు ఒక్కటే. చౌక ప్యాకుల్లో ఆ బోర్డు ఎంత నమ్మకమో నాకు అనుమానమే. షాపుకు తీసుకెళ్లి అది ఏ రకమో అడిగి, దానికి తగిన ఛార్జరే తీసుకోండి. ప్యాక్ ఉబ్బి ఉంటే మాత్రం మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి.

మిట్టమధ్యాహ్నం మందు కొట్టి వచ్చి వేడి మీదున్న ప్యాక్‌ను వెంటనే ఛార్జింగ్ పెట్టకూడదు, చల్లారనివ్వాలి. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు. మందు డబ్బాలూ గోతాలూ ఉన్న కొట్టంలో అసలే వద్దు.

ప్రశ్న: అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఏరియేటర్ల (నీళ్లను చిలికి ఆక్సిజన్ కలిపే మిషన్లు) లైనులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోతోంది. రాత్రి పడితే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్) ఉంది కదా, ఇది తీసేద్దామంటున్నాడు ఎలక్ట్రీషియన్.

జవాబు: మీ భయం అర్థమైంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఏరియేటర్ ఆగితే పంట పోతుంది. కానీ 16 ఆంప్స్ ఎంసీబీ మనిషిని కాపాడదు. అది కాపాడేది వైరును. మనిషి కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంప్స్ లీకేజీకే పడిపోతుంది. 16 ఆంప్స్ అంటే దానికి 500 రెట్ల పైమాట.

అన్ని ఏరియేటర్లకూ కలిపి ఒకటే పెట్టారనుకుంటాను. ఒక్కో మోటారు నుంచి కాస్త కాస్త లీకయినా అన్నీ కలిసి దాన్ని పడగొడతాయి. గుంటకొకటి చొప్పున విడగొట్టండి, ఒకటి పడినా మిగతావి తిరుగుతాయి. ఒక్కో ఏరియేటర్‌ను విడిగా వేసి చూస్తే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది. టేపు చుట్టి ఉప్పునీళ్లలో వదిలేసిన కేబుల్ జాయింటును ముందు అనుమానించండి. కరెంటు పోతే ఫోన్‌కు కాల్ చేసే అలారం పెట్టుకుంటే రాత్రి కాపలా కూడా తేలికవుతుంది.

మొబైల్ స్టార్టర్ (ఫోన్ నుంచే మోటారు ఆన్, ఆఫ్ చేసే పెట్టె) ఉన్నవాళ్లకు ఇంకో మాట. మీరు కావలిలో కూర్చుని ఫోన్‌లో ఆన్ కొట్టే సమయానికి గుంటలో మనిషి ఏరియేటర్‌కు చుట్టుకున్న నాచు తీస్తూ ఉండొచ్చు. స్టార్టర్‌ను ఆటో మోడ్‌లో పెట్టి ఉంటే మీరు కొట్టక్కర్లేదు, కరెంటు రాగానే అదే తిరుగుతుంది. ఫోన్‌లో ఆఫ్ చేసినంత మాత్రాన లైను తెగినట్టు కాదు. మెయిన్ ఆపి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకున్నాకే గుంటలోకి దిగాలి. వాటిని తిరిగి పెట్టేది కూడా ఆ దిగిన మనిషే.