ముందు ముఖపత్రాలు చూడమ్మా

మైలాపూరు, చెన్నై

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పుస్తక ప్రచురణకర్త వావిళ్ల వేంకటేశ్వర శాస్త్రులు గారి జీవితచరిత్ర రాస్తున్నావని తెలిసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అయితే నువ్వు పంపిన పేజీల నిండా ఆయన దర్జా గురించి విన్న కబుర్లే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టు. ఒకప్పుడు నేనూ ఒక ప్రచురణకర్త గురించి ఎవరో చెప్పిన కథను నమ్మి వ్యాసం రాశాను. అది అబద్ధమని వాళ్ల కుటుంబం వారు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ముందు వావిళ్ల వారు వేసిన పుస్తకాలు పట్టుకో. చెన్నపురి అని అచ్చైన ఆ ముఖపత్రాల మీద ఏ సంవత్సరం, ఎన్నో కూర్పు, పరిష్కర్త ఎవరు, వెల ఎంత అన్నవి రాసుకో. 1867 నాటి చట్టం వల్ల అచ్చైన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వం నమోదు చేసేది. మూడు నెలలకొకసారి వచ్చే ఆ జాబితాల్లో ఎన్ని ప్రతులు వేశారో కూడా ఉంటుంది. ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, కన్నెమరా గ్రంథాలయంలో అడుగు. ఓపిక కావాలి, దుమ్ము కూడా భరించాలి.

వావిళ్ల సంస్థ 1854లో శాస్త్రులు గారి తండ్రి గారు మొదలుపెట్టినది. ఆ భాగం క్లుప్తంగా చాలు. నువ్వు ఆగి రాయవలసింది పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ దగ్గర. 1887 నాటి అచ్చులో పద్యాలు ఎగిరిపోయాయని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు గుర్తించి, రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, పీఠిక రాశారు. 1910లో వావిళ్ల వారు అచ్చు వేశారు. కావ్యాలూ శాస్త్రగ్రంథాలూ వేసి పండితుల మన్నన పొందిన సంస్థ, అసభ్యమన్న నింద వస్తుందని తెలిసీ ఎందుకు పూనుకుంది? నీ పుస్తకానికి ప్రాణం ఈ ప్రశ్నే. ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది, నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ ధైర్యంలో సగం నాగరత్నమ్మ గారిది. శాస్త్రులు గారి మీది అభిమానంతో ఆమెను మూలకు నెట్టకు, అది అన్యాయం.

వచ్చే ఆదివారం ఉదయమే రా. నా బీరువాలో ఆ కావ్యం 1952 నాటి కూర్పు ఉంది. కాగితం పెళుసెక్కింది, ఫోటోలు ఇక్కడే తీసుకో. అమ్మమ్మ నీకోసం పెసరట్లకు పప్పు నానబెడతానంటోంది.

తాతయ్య