టెక్ సందేహాలు: తెరమీది చిలకపచ్చ ప్రింటులో ఎందుకు పాలిపోతుంది?

మా బడి వార్షికోత్సవం ఆహ్వానపత్రిక కోసం క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో రామచిలుకల జంటను వేశాను. ల్యాప్‌టాప్‌లో కళ్లు చెదిరేంత పచ్చగా ఉంది. నెల్లూరులో ప్రింటు తీయిస్తే ఎండిన వేపాకులా వచ్చింది. ప్రెస్సువాళ్లేమో ‘మీ ఫైలే అంత’ అంటున్నారు.
– డ్రాయింగ్ టీచరు, కావలి

ప్రెస్సువాళ్ల మీద కోపం వద్దండీ, మీ చేతిపనిలోనూ లోపం లేదు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగు చూపిస్తుంది. ప్రెస్సులో ఉండేది సిరా: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఈ నాలుగింటినీ ఏ పాళ్లలో కలిపినా తెరమీద కనిపించే కొన్ని రంగులు కాగితం మీదికి రావు. మెరిసే ఆకుపచ్చ వాటిలో మొదటి వరసలో ఉంటుంది. చిలుక వేసేవాళ్లందరికీ ఈ దెబ్బ ఒకసారైనా తగులుతుంది.

క్రిటాలో దీన్ని ముందే పసిగట్టవచ్చు. కంట్రోల్, వై కలిపి నొక్కితే ప్రింటులో రంగులు సుమారుగా ఎలా వస్తాయో తెరమీదే కనిపిస్తుంది. వాటికి షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే సిరాకు అందని రంగులున్న చోటల్లా హెచ్చరిక రంగు పూసి చూపిస్తుంది. అక్కడ పచ్చదనాన్ని కాస్త పసుపు వైపు జరిపి, గాఢత తగ్గించండి. సయాన్ 60, పసుపు 100, మెజెంటా, నలుపు సున్నా దగ్గర మొదలుపెట్టి మీ కంటికి నచ్చేట్టు సర్దుకోండి. నీడల్లో నలుపు కలిపితే మాత్రం బొమ్మ మురికిపడుతుంది. నీలం కలిసిన ముదురు పచ్చ వాడండి. అసలు పిట్టా అంతే. మగ రామచిలుక మెడ వెనక నీలిఛాయ ఉంటుంది, పొట్ట పసుపుపచ్చగా ఉంటుంది, తోక మధ్య ఈకలు నీలం వైపు తిరుగుతాయి. తెరమీద మనం పూసే ఆ నియాన్ పచ్చ ఏ చిలుక ఒంటిమీదా కనపడదు.

జంట అన్నారు కాబట్టి ఇంకొకటి అడుగుతాను. రెండింటికీ కంఠి వేశారా? నలుపు, గులాబీ కలిసిన ఆ కంఠి ఎదిగిన మగదానికే ఉంటుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించింది ఈ రామచిలుకనే. బడి కార్డు మీద ఆడచిలుకకు కంఠి తగిలిస్తే ఎవరో ఒక పిల్లాడు పట్టేసుకుంటాడు.

చివరగా, బొమ్మ అసలు ఫైలును క్రిటా ఫార్మాట్‌లోనే దాచుకుని, ప్రింటు రంగుల్లోకి మార్చిన నకలును టిఫ్‌గా ఇవ్వండి. పీఎన్‌జీలో ఆ నాలుగు సిరాల రంగులు నిలవవు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా వద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది.

మా పొలాల మీదికి ఊదా ఎరుపు తలతో చిన్న చిలుకలు వస్తుంటాయి. వాటి బొమ్మ కావాలని ఏఐ యాప్‌లో ‘చిలుక’ అని అడిగితే ప్రతిసారీ మకావే ఇస్తోంది.
– మార్కాపురం

మకావ్ అమెరికా ఖండాల పిట్ట. నల్లమల వైపు మీరు చూసేది ప్లమ్‌హెడెడ్ పారాకీట్. ఆ పేరుతో, లేదా సిట్టాక్యులా సయనోసెఫలా అన్న శాస్త్రీయ నామంతో ఇంగ్లిషులో అడిగి చూడండి, కొంత దారికొస్తుంది. అయినా నమ్మేయకండి. నాలుగు చోట్ల చూడాలి. పైముక్కు పసుపు రంగులో ఉండాలి. మగదాని మెడకు సన్నని నల్ల పట్టీ, రెక్క భుజం మీద ముదురెరుపు మచ్చ ఉండాలి. ఆడదాని తల నీలి బూడిద రంగు, నల్ల పట్టీ ఉండదు. కొమ్మను పట్టుకున్న కాళ్లకు రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి ఉండాలి. ఈ వేళ్ల దగ్గరే యంత్రం తరచూ బోల్తా పడుతుంది. నన్నడిగితే దాని బొమ్మను భంగిమ కోసం చూసి పక్కన పెట్టి, మీరే వేసుకోండి. రిఫరెన్సుకు వికీమీడియా కామన్స్‌లో ఫొటోలున్నాయి. ప్రతి ఫొటో కింద లైసెన్సు చదవండి, చాలావాటికి ఫొటోగ్రాఫరు పేరు ఇవ్వాల్సి ఉంటుంది. గూగుల్‌లో దొరికిన ఫొటో మీద ట్రేస్ చేసి అమ్మితే కాపీరైటు చిక్కు తప్పదు.

ఫొటో కోసం చిలుకను పంజరంలో పెట్టి ఎదురుగా కూర్చోబెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మన అడవి చిలుకలను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

నా దగ్గర ఫోను ఒక్కటే ఉంది. పెన్ను కొనాలా?
– డిగ్రీ విద్యార్థి, పొదిలి

రబ్బరు మొన ఉన్న చవక పెన్నుకు చేతి ఒత్తిడి తెలియదు, వేలితో వేసినట్టే ఉంటుంది. డబ్బు దండగ. ఐబిస్ పెయింట్ అనే బొమ్మల యాప్‌లో గీత వణక్కుండా చూసే స్టెబిలైజర్ పెంచుకుని వేలితోనే వేయండి. ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు విసిగిస్తాయి, ఓర్చుకోవాలి. పచ్చరంగు పొర మీద కొత్త పొర వేసి ‘క్లిప్పింగ్’ ఆన్ చేస్తే ఈకల గీతలు పిట్ట అంచు దాటవు. డబ్బు కూడాక తెర లేని చిన్న పెన్ ట్యాబ్లెట్, అంటే పెన్నుతో గీసే పలక, కొనుక్కోండి. పెట్టె మీద ఆండ్రాయిడ్ సపోర్ట్ అని ఉందో లేదో చూడండి. కొన్ని మోడళ్లలో ఫోనుకు కలిపితే పలకలో కొంత భాగమే పనిచేస్తుంది, అదీ అడగండి.

ఏ4 సైజులో వేసిన చిలుకను పది అడుగుల ఫ్లెక్సీకి పెంచితే గళ్లు గళ్లుగా వస్తోంది.
– కనిగిరి

ఏ4 అంటే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అడ్డంగా 2480, నిలువుగా 3508 పిక్సెళ్లు. దాన్ని ఎంత సాగదీసినా కొత్త వివరం పుట్టదు. ఫ్లెక్సీ పనులకు ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్‌గా, అంటే చుక్కలతో కాకుండా గీతల లెక్కలతో దాచే బొమ్మగా వేసుకోండి, ఎంత పెంచినా అంచులు చెదరవు. అది ఉచితమే. ఈకల మెత్తదనం మాత్రం వెక్టర్‌లో అంత సులువుగా రాదు. దూరంనుంచి చూసే ఫ్లెక్సీకి ముక్కు, కంఠి, తోక స్పష్టంగా ఉంటే చాలు.