పిల్లల దగ్గరికి అమెరికా: విజిటర్ వీసాయా, గ్రీన్‌కార్డా?

ఈ విడత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అమెరికాలో స్థిరపడినవారి తల్లిదండ్రులు, లేదా వారి తరఫున పిల్లలు రాసినవే. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, వయసు 68 ఏళ్లు. మా అమ్మాయికి నిరుడు అమెరికా పౌరసత్వం వచ్చింది. మా దంపతులిద్దరికీ గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెడతానంటోంది. మాకు ఇక్కడ నాలుగెకరాల మాగాణి, సొంత ఇల్లు, పింఛను ఉన్నాయి. ఏడాదికి నాలుగైదు నెలలు అక్కడ ఉండి వద్దామన్నది మా ఆలోచన. కార్డు ఉంటే వీసా తంటాలు ఉండవని అమ్మాయి అంటోంది. మాకు ఏది మేలు? – తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: అర్హత విషయంలో మీకు ఇబ్బంది లేదు. అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండిన సంతానం తమ తల్లిదండ్రుల కోసం ఐ-130 అనే దరఖాస్తు పెట్టవచ్చు. ఇది అత్యంత సమీప బంధువుల వర్గం కనుక దీనికి వార్షిక పరిమితి లేదు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు కోసం మన ఇంజినీర్లు ఏళ్ల తరబడి నిలబడే వరుసకు, దీనికి సంబంధం లేదు. మీ ఇద్దరికీ విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. 2024 ఏప్రిల్‌లో సవరించిన రుసుముల ప్రకారం ఆన్‌లైన్‌లో ఒక్కొక్కదానికి 625 డాలర్లు. ఆ తర్వాత మీ అమ్మాయి తన ఆదాయం, కుటుంబ సంఖ్యను బట్టి అక్కడి ప్రభుత్వం నిర్ణయించిన పేదరికపు గీతకు కనీసం 125 శాతం ఉందని చూపిస్తూ, మీ పోషణకు తాను బాధ్యురాలినని హామీపత్రం రాసి ఇవ్వాలి. దానికి చట్టబద్ధత ఉంటుంది కనుక దాన్ని మామూలు సంతకంగా తీసుకోవద్దని ఆమెకు చెప్పండి.

చిక్కంతా మీ ఉత్తరంలోని "నాలుగైదు నెలలు" అన్న మాట దగ్గర ఉంది. గ్రీన్‌కార్డు అమెరికాలో కాపురం ఉండేవారికి ఇచ్చేది. రాకపోకల సౌకర్యం కోసం ఇచ్చేది కాదు. ఆరు నెలలకొకసారి అక్కడ అడుగుపెట్టి వస్తే కార్డు భద్రమన్న మాట మనవాళ్లలో బాగా ప్రచారంలో ఉంది. అది సగం నిజమే. ఒకేసారి 180 రోజులు దాటి బయట ఉంటే తిరిగి వెళ్లినప్పుడు కొత్తగా ప్రవేశం కోరేవారిగా పరిగణించి ప్రశ్నించవచ్చు; ఏడాది, అంతకు మించి బయట ఉంటే ఆ కార్డు తిరిగి ప్రవేశించడానికి పనికిరాదు. అయితే అంతకంటే తక్కువ కాలం బయట ఉన్నా, మీ స్థిరనివాసం నిజంగా ఎక్కడుందని విమానాశ్రయంలో అధికారి అడగవచ్చు. ఏటా ఏడెనిమిది నెలలు తెనాలిలో ఉంటూ, ఇల్లూ వాకిలీ, వ్యవసాయమూ ఇక్కడే ఉన్నవారికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. రీఎంట్రీ పర్మిట్ అనే అనుమతి సాధారణంగా రెండేళ్లు చెల్లుతుంది, కానీ దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి. పైగా అది తాత్కాలికంగా బయట ఉండవలసి వచ్చినవారికే గాని, ఏటా సాగే పద్ధతికి రక్షణ కాదు.

ఇక పన్నుల సంగతి చాలామంది పిల్లలు తల్లిదండ్రులకు ముందుగా చెప్పరు. గ్రీన్‌కార్డు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నైనా అమెరికా పన్ను పత్రంలో చూపవలసినవారే. మీ పింఛను, కౌలు డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్లపై వడ్డీ అన్నీ అందులోకి వస్తాయి. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నింటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక కూడా వేరుగా సమర్పించాలి. విశ్రాంత ఉద్యోగులకు ఆ మొత్తం దాటడం పెద్ద విషయం కాదు. వైద్యం మరో భారం. అక్కడ ఎన్నడూ ఉద్యోగం చేయని 65 ఏళ్లు దాటినవారు గ్రీన్‌కార్డుతో ఐదేళ్లు నిరంతరాయంగా నివసించిన తర్వాతే, నెలనెలా ప్రీమియం కట్టి, వృద్ధులకు అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరగలరు. ఆ ఐదేళ్లూ ప్రైవేటు బీమా కొనుక్కోవలసిందే. సబ్సిడీతో మార్కెట్‌ప్లేస్ బీమా (ప్రభుత్వ వేదిక ద్వారా కొనే ప్రైవేటు ఆరోగ్య బీమా) దొరుకుతుందని ఎవరైనా చెబితే, 2025లో వచ్చిన చట్టంతో ఆ నిబంధనలు బిగిశాయని గుర్తుంచుకొని ఇప్పటి పరిస్థితి కనుక్కోండి.

పొలం గురించి మీకు భయం అక్కరలేదు. ఇక్కడ నివాసిగా ఉండగా సంపాదించిన వ్యవసాయ భూమిని అట్టే పెట్టుకోవచ్చు. అయితే మన విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం ప్రవాసులైన తర్వాత కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదు. గ్రీన్‌కార్డు తీసుకున్నంత మాత్రాన భారత పౌరసత్వం పోదు.

ఇవన్నీ చూస్తే, మీ ఇప్పటి జీవితానికి విజిటర్ వీసాయే సరిపోతుందని మా అభిప్రాయం. మన దేశీయులకు అది సాధారణంగా పదేళ్లకు, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చేలా ఇస్తారు కనుక ప్రతిసారీ తంటాలన్న మాట అంత సరికాదు. మీ అమ్మాయి ద్వారా మీకున్న అర్హత ఈ ఏడాదితో తీరిపోయేదీ కాదు. ముందు ముందు మీ ఇద్దరిలో ఎవరికైనా పిల్లల దగ్గరే ఉండిపోవలసిన అవసరం వస్తే అప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈలోగా "ఓ రాయి వేసి చూద్దాం" అన్నట్టు ఐ-130 వేయించవద్దు. అది వేసిన తర్వాత విజిటర్ వీసాకు వెళితే, మీరు అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో ఉన్నారని అధికారి భావించి నిరాకరించే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. నేను అమెరికా పౌరుడిని. నాన్నగారు పోయాక అమ్మ ఒంటరిగా ఉంటోంది కనుక శాశ్వతంగా తెచ్చుకోవాలనుకుంటున్నాను. ఆమె 1956లో పల్లెలో పుట్టింది, జనన ధ్రువపత్రం లేదు. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మా ఇంటిపేరు ఉన్నాయి. ఒక చోట లక్ష్మి, ఇంకో చోట లక్ష్మమ్మ. ఏం చేయాలి? – డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ విషయంలో గ్రీన్‌కార్డు సరైన దారే. తల్లి కోసం వేసే ఐ-130కి ముఖ్యాధారం ఆమె జనన పత్రం కాదు, మీది. అందులో తల్లి పేరుగా ఆమె పేరు ఉండాలి. తండ్రి కోసం వేసేవారైతే తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం కూడా జతచేయాలి. మీ జనన నమోదు ఏళ్ల తర్వాత జరిగి ఉంటే బడి రికార్డుల వంటి అదనపు ఆధారాలు అడుగుతారు. చాలా పాత పదో తరగతి మెమోల్లో తండ్రి పేరే ఉండేది కాబట్టి, తల్లి పేరు ఉన్న మరో కాగితం వెతికి పెట్టుకోండి.

అమ్మగారి జనన పత్రం, ఐ-130 ఆమోదం పొందాక వచ్చే వీసా దశలో అవసరమవుతుంది. ఆమె పుట్టిన ఊరి పరిధిలో రికార్డు లేదని చెప్పే జనన నమోదు అలభ్య ధ్రువపత్రానికి మీసేవలో గానీ, స్థానిక పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయంలో గానీ దరఖాస్తు చేయించండి. దానితోపాటు ఆమె పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దలు, అంటే ఆమె అన్నగారో అక్కగారో మేనమామో, ప్రమాణపత్రాలు రాసి ఇవ్వాలి. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తమకు ఆ సంగతి ఎలా తెలుసునో అందులో స్పష్టంగా ఉండాలి. ఇక్కడే ఒక చిక్కు వస్తుంది: ఆ తరం వారిలో చాలామందికి బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసిన పుట్టినరోజే అన్నిచోట్లా నడుస్తోంది. మేనమామ గారు తనకు గుర్తున్న తిథి, పండుగ లెక్క చెప్పి మరో తేదీ రాయిస్తే పాస్‌పోర్టుతో పొసగదు. ప్రమాణపత్రం మీద సంతకం పెట్టించే ముందే ఆ తేడాను పరిశీలించి, ఉంటే వివరణ రాయించండి.

ఇంటిపేరు విషయంలో నోటరీ చేయించిన "ఇద్దరూ ఒకరే" ప్రమాణపత్రం కొంతవరకు పనికివస్తుంది. అయినా పాస్‌పోర్టు, ఆధార్ రెండూ ఒకే పేరుకు వచ్చేలా ముందే సరిచేయించడం మంచిది, ఎందుకంటే వీసా పాస్‌పోర్టులోని పేరుమీదే వస్తుంది. వెతుకులాట తప్పుతుందని ఎవరైనా బ్రోకరు కొత్తగా పాత తేదీతో జనన పత్రం "పుట్టిస్తామంటే" ఒప్పుకోవద్దు. దొంగ కాగితం బయటపడితే అమ్మగారు అమెరికా ప్రవేశానికి శాశ్వతంగా అనర్హులయ్యే ప్రమాదం ఉంది. లేని పత్రాన్ని లేదని చెప్పడంలో తప్పేమీ లేదు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి సంతకంతో కూడిన ధ్రువీకరణ జతచేయండి. మన దేశంలో గ్రీన్‌కార్డు వీసా ఇంటర్వ్యూలు ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో జరుగుతాయి. అంతకుముందే వారు గుర్తించిన వైద్యుల దగ్గర పరీక్షలు, టీకాలు, పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి పోలీసు ధ్రువపత్రం పూర్తిచేసుకోవాలి.

ప్రశ్న: నేను విజిటర్ వీసాపై న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఆమె పౌరురాలు. ఇక్కడ ఉండగానే గ్రీన్‌కార్డుకు వేసేస్తే ముంబై వెళ్లనక్కరలేదని తెలిసినవారు చెబుతున్నారు. మాఘమాసంలో హనుమకొండలో మా మేనకోడలి పెళ్లి ఉంది, దానికి తప్పక రావాలి. – ఒక పాఠకురాలు

జవాబు: చట్టప్రకారం ప్రవేశించిన తల్లిదండ్రులు ఐ-485 అనే దరఖాస్తు ద్వారా అక్కడే గ్రీన్‌కార్డు హోదాకు మారవచ్చన్నది నిజమే. రుసుము 1,440 డాలర్లు. కానీ వీసా ఇంటర్వ్యూలోనూ విమానాశ్రయంలోనూ చూసి వెళ్లిపోతామని చెప్పి, మనసులో ఉండిపోయే ఉద్దేశంతో వచ్చినట్టు తేలితే అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. వచ్చిన తర్వాత పరిస్థితి నిజంగా మారినవారికే ఆ దారి తగినది. మీ సంగతిలో అంతకంటే ముందు ఆలోచించవలసింది పెళ్లి. ఐ-485 వేసిన తర్వాత అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క, ఆ అనుమతి ముహూర్తం లోపల వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందువల్ల మీరు గడువులోగా తిరిగి వచ్చి, పెళ్లి చూసుకొని, అవసరమనుకుంటే ముంబై ద్వారానే వెళ్లడం మంచిది.

ప్రశ్న: మా పెద్దబ్బాయి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, అతని గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమైంది. మాకూ, పెళ్లికాని చిన్నబ్బాయికీ గ్రీన్‌కార్డు వేయగలడా? – కర్నూలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వేయలేడు. హెచ్-1బీ మీద ఉన్నవారికే కాదు, గ్రీన్‌కార్డు వచ్చినవారికి కూడా తల్లిదండ్రులను పిలిపించుకునే హక్కు లేదు. సాధారణంగా కార్డు వచ్చిన ఐదేళ్ల తర్వాత పౌరసత్వం తీసుకొని అప్పుడు వేయాలి. అప్పుడు కూడా చిన్నబ్బాయి మీతో కలిసి రాలేడు. పౌరుల తోబుట్టువులకు వేరే వర్గం ఉంది గాని, భారతీయులకు అందులో నిరీక్షణ పదిహేనేళ్లకు పైమాటే. ఆ వరుసను నమ్ముకొని అతని చదువు, పెళ్లి ఆపవద్దు. మీరు చూడడానికి వెళ్లదలిస్తే విజిటర్ వీసా ఉంది. అక్కడ దిగాక ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది వీసా మీది పదేళ్ల గడువు కాదు, ప్రవేశ సమయంలో అధికారి ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఇచ్చే గడువు తేదీ. మామూలుగా అది ఆరు నెలలు ఉంటుంది. దిగిన వారంలోనే మీ అబ్బాయి చేత ఆన్‌లైన్‌లో ఆ తేదీ చూపించుకొని, తిరుగు టికెట్టు దానికి ముందే ఉండేలా చూసుకోండి. ఆ తేదీ దాటి ఉంటే పదేళ్ల వీసా కూడా రద్దయినట్టే అవుతుంది.