రైఫిల్ స్టాక్ ధర కన్నా ముందు చూడాల్సిన లెక్క

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 36 ఏళ్లు, హెచ్-1బి మీద ఉద్యోగం. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం అయింది. నా భార్య హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉంది, ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. ఐదేళ్ల బాబు ఉన్నాడు. హంటింగ్ లైసెన్స్ తీసుకుని మూడేళ్లుగా స్నేహితులతో జింకల సీజన్‌కి, అడవిపందుల వేటకి వెళ్తున్నాను. నా దగ్గర రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం పొట్టిగా ఉన్న) రైఫిల్ ఉంది. దానికి పేరున్న కంపెనీ ఫైబర్‌గ్లాస్ స్టాక్ (భుజానికి ఆన్చుకునే, బ్యారెల్‌నీ యాక్షన్‌నీ పట్టి ఉంచే భాగం) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో 700 డాలర్లకు దొరుకుతోంది. కొత్తది 900 పడిందని, అందులో 140 కస్టమ్ పెయింట్‌కేనని అమ్మే ఆయన చెప్పారు. తన రైఫిల్‌కి సరిపోయేలా బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునేలా స్టాక్ లోపల రెసిన్ పోయించడం) కూడా చేయించారట. 700 సరైన ధరేనా? మా నెల ఖర్చు హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐతో కలిపి 6,200 డాలర్లు, 900 దాకా మిగులుతుంది. సేవింగ్స్‌లో 7,500 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 4,300, వడ్డీ 24 శాతం. వేరే కార్డువాళ్లు 15 నెలలు సున్నా వడ్డీ, 5 శాతం ఫీజుతో చెక్కు పంపారు. దాంతో పాత బాకీ తీర్చేసి, స్టాక్ కూడా కొందామనుకుంటున్నాను.

జవాబు: 700 ఎక్కువ. 450 దాటొద్దు. ఆ 450 కూడా ఇప్పుడు పెట్టొద్దు.

ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం స్టాక్ కాదు, ఉత్తరంలోని చివరి ఐదు వాక్యాలు. వస్తువు ధర సరైందో కాదో తెలుసుకోవడానికి మనవాళ్లు రాత్రిళ్లు కూర్చుని వెతుకుతారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలో మాత్రం చివర్లో ఒక్క మాటతో తేల్చేస్తారు. కెమెరా లెన్సులు కొనేవాళ్లు, పాత కార్లు కొనేవాళ్లు కూడా నాకు ఇలాగే రాస్తుంటారు. వీసా మీద ఉన్న కుటుంబం ఈ పొరపాటు చేస్తే దెబ్బ చాలా పెద్దది.

ముందు మీరడిగింది చెబుతాను. అమ్మేవాళ్లు అడిగే ధరల్ని చూసి అంచనాకి రావొద్దు. వేలం సైట్లలో ముగిసిన అమ్మకాలు విడిగా చూడొచ్చు. గత మూడు నాలుగు నెలల్లో అదే కంపెనీ, అదే మోడల్, అదే యాక్షన్ పొడవున్న స్టాకులు నిజంగా ఎంతకి పోయాయో రాసుకోండి. నాలుగైదు దొరికితే చాలు. దొరక్కపోతే నేను వాడే లెక్క ఇది: కొత్త ధరలోంచి కొన్నాయన తన ఇష్టానికి చేయించుకున్నవన్నీ తీసేయాలి. కస్టమ్ పెయింట్ 140 ఆయన ముచ్చట, దానికి మీరు డబ్బివ్వక్కర్లేదు. మిగిలింది 760. మంచి స్థితిలో ఉంటే అందులో 65 శాతం, అంటే 494. బెడ్డింగ్‌ని ఆయన అదనపు విలువగా చెబుతున్నారు, కొనేవాడికి అది ఖర్చు. ఆ రెసిన్ ఆయన యాక్షన్ అచ్చుకు గట్టిపడింది. మీ రెమింగ్టన్ 700 అందులో కుదురుగా కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు. కూర్చోకపోతే గన్‌స్మిత్ దగ్గర మళ్లీ చేయించాలి. దానికింద 100 తగ్గించండి. ఇలాంటి స్టాకులు కొత్తవి ఆర్డర్ చేస్తే నెలలు ఆగాలి, ఇది వెంటనే చేతికొస్తుంది కాబట్టి 50 కలపండి. 444 వచ్చింది. 400 దగ్గర మొదలుపెట్టి 450 దగ్గర ఆగాలి.

ధర కుదిరినా స్టాక్ మీ రైఫిల్‌కి పట్టాలి కదా. బ్యారెల్ చానల్ (బ్యారెల్ కూర్చునే గాడి) ఏ మందానికి కోశారో అడగండి. సన్న బ్యారెల్‌కి కోసిన చానల్‌ని వెడల్పు చేయొచ్చు. లావు బ్యారెల్‌కి కోసినదాంట్లో మీ సన్న బ్యారెల్ పెడితే రెండువైపులా ఖాళీ కనిపిస్తుంది, దాన్ని పూడ్చడం కష్టం. అడుగున ఏడీఎల్‌కి (అడుగు మూసి ఉండే రకం) కోశారా, బీడీఎల్‌కా (అడుగున తెరుచుకునే మూత ఉండే రకం), ఊడదీసే తూటాల మ్యాగజైన్‌కా అన్నదీ తెలుసుకోండి. మీ బాటమ్ మెటల్ (స్టాక్ అడుగున బిగించే లోహపు భాగం) పట్టకపోతే అదొకటి విడిగా కొనాలి, మ్యాగజైన్లు అదనం. వెనక ప్యాడ్ దగ్గర పొడవు కత్తిరించారేమో కొలిపించండి. కోసేసిన పొడవు తిరిగి రాదు. పట్టు దగ్గర, స్క్రూ రంధ్రాల చుట్టూ ఫొటోలు అడగండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. ఈ అదనపు ఖర్చులన్నీ కలిపి చూస్తే 700 స్టాక్ సులువుగా వెయ్యి దాటుతుంది. డబ్బు పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమంటే వదిలేయండి, అలా పంపితే కొనుగోలుదారుకి రక్షణ ఉండదు.

ఒక సంగతి మీకు మేలు చేస్తుంది. రెమింగ్టన్ కంపెనీ 2018లో, 2020లో రెండుసార్లు దివాలా పిటిషన్ వేసింది. అయినా 1962లో వచ్చిన 700 యాక్షన్ కొలతల్నే ఇప్పుడు ఎన్నో కంపెనీలు వాడుతున్నాయి. అందుకే దీని స్టాకులకి కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ సరుకు ఎక్కడికీ పోదు. తొందరపెడుతున్నది మార్కెట్ కాదు, అమ్మే ఆయన.

ఇక అసలు సంగతికి వస్తాను. రేపు ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకి గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన గడువు చూపే రికార్డు) అంతకంటే ముందే ముగిస్తే ఇంకా తక్కువ. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. లేఆఫ్ అయిన మన కుటుంబాలు వాట్సాప్ గ్రూపుల్లో మూవింగ్ సేల్ పెట్టి సోఫాలు, కార్లు ఎంతకి వదులుకుంటున్నాయో మీరు చూసే ఉంటారు. మీ రైఫిల్‌ని ఆ గ్రూపులో పెట్టి అమ్మలేరు. సామాన్లలో వేసుకుని హైదరాబాద్ తీసుకెళ్లడం కుదరదు. స్టేటస్ పోయాక అది మీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. కాబట్టి ఆ 60 రోజుల్లోనే లైసెన్సున్న డీలర్ చెప్పిన ధరకి వదిలేయాల్సి వస్తుంది. స్టాక్ మీద మీరు పెట్టిన డబ్బులో ఎంత తిరిగొస్తుందో ఆ రోజు ధరని బట్టి ఆలోచించండి. నా దృష్టిలో మీకు సరైన ధర అదే.

ఆ రోజుకి మీ దగ్గర ఏముంది? 7,500. నెల ఖర్చు 6,200 కాబట్టి ఒక నెల పైచిలుకు గడుస్తుందని మీ లెక్క. ఆ లెక్కలో ఆరోగ్య బీమా లేదు. ఇప్పుడు కంపెనీ చాలావరకు కడుతోంది, మీ వాటా జీతంలోనే కోసుకుంటున్నారు కాబట్టి కనబడటం లేదు. ఉద్యోగం పోయాక కోబ్రా అనే చట్టం కింద అదే ప్లాన్ కొనసాగించాలంటే మొత్తం ప్రీమియం మీదే, పైన 2 శాతం వరకు కలుపుతారు. 2024లో కంపెనీల కుటుంబ ప్లాన్ల సగటు ప్రీమియం ఏడాదికి 25,000 డాలర్లు దాటింది. అంటే నెలకి 2,100 పైనే. మీ ఖర్చు 8,300 అవుతుంది, 7,500 ఒక్క నెల కూడా రాదు. చిన్నపిల్లాడున్న ఇల్లు ఇది. రెండు నెలల ఖర్చు, ముగ్గురికి టికెట్లు, లీజు మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన డబ్బు కలిపితే 20,000 లేకుండా ఈ దేశంలో మీ కుటుంబం నిశ్చింతగా నిద్రపోకూడదు. అది మొదటి మెట్టు. ఆ తర్వాత ఆరు నెలలకి, అంటే 50,000 దాకా వెళ్లాలి. హెచ్-1బి కుటుంబాలకి నేను ఇంతకంటే తక్కువ చెప్పను.

ఆ చెక్కు చించేయండి. 4,300 మీద 5 శాతం ఫీజు 215 డాలర్లు. పాత కార్డుకే నెలకి 900 కట్టుకుంటూ పోతే ఆరో నెలలో కొద్దిపాటి సొమ్ముతో బాకీ తీరిపోతుంది, మొత్తం వడ్డీ 270 లోపే. మీకు మిగిలేది 50 డాలర్లు. దానికోసం కొత్త అప్పు ఖాతా తెరిచి, 700 స్టాక్‌ని 735 చేసుకుని, ఖాళీ అయిన పాత కార్డుని మళ్లీ గీకడానికి సిద్ధంగా పెట్టుకుంటారా? వాయిదా 60 రోజులు ఆలస్యమైతే ఆ సున్నా వడ్డీ రద్దయ్యే ప్రమాదమూ ఉంది. వేట సరదా కోసం అప్పు చేయడం నాకు ఏ వడ్డీకీ సమ్మతం కాదు. 401(కె) రిటైర్మెంట్ ఖాతా మీద లోన్ తీసుకుందామన్న ఆలోచనా వద్దు. ఉద్యోగం పోతే దాన్ని త్వరగా తీర్చాల్సి వస్తుంది, తీర్చలేకపోతే పన్ను, జరిమానా.

7,500ని కదపకుండా అమెరికాలోనే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. కార్డు తీరాక 900 మొత్తం అక్కడికే వెళ్లాలి. టాక్స్ రిఫండ్, బోనస్ కూడా. హైదరాబాద్ ఫ్లాట్ ఖాళీగా ఉంటే ఈ నెలే అద్దెకివ్వండి. మీకు ఐ-140 అయింది కాబట్టి మీ భార్య ఈఏడీకి, అంటే ఉద్యోగ అనుమతికి, దరఖాస్తు చేయొచ్చు. రెండో జీతం వస్తే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. కంపెనీ ఇచ్చే జీవిత బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, కాబట్టి సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది, ఆలోపు ఎంచుకుని ప్రీమియం కడితే కవరేజీ పాత బీమా ఆగిన రోజు నుంచీ వర్తిస్తుంది. ఆ కాగితాలు వస్తే పక్కన పడేయొద్దు.

మరొకటి. హెచ్-1బి మీద ఉంటూ తుపాకీ ఉంచుకోవడానికి మీకున్న మినహాయింపు చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ మీదే నిలబడింది. టెక్సస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. సీజన్ మొదలయ్యాక చూసుకుందాంలే అని వదిలేస్తే మధ్యలో ఉన్న వారాలు కూడా ఉల్లంఘన కిందే లెక్క. సెప్టెంబరు 1కి కొత్తది చేతిలో ఉండాలి. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తున్నప్పుడు ఈ విషయంలో అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి అడగండి. ఆ డబ్బు ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీసినా నేను కాదనను.