రోష్ హషానా పాత గ్రీటింగ్ కార్డుల బొమ్మలను ఉచితంగా పంచుకోవచ్చా?

చాలావరకు పంచుకోవచ్చు, కానీ ముందు కార్డు అచ్చయిన ఏడాది చూసుకోవాలి. రోష్ హషానా అంటే యూదుల కొత్త సంవత్సరం, సెప్టెంబర్ లేదా అక్టోబర్‌లో వస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆ పండక్కి రంగుల పోస్ట్‌కార్డులు పంపుకోవడం యూదుల్లో బాగా నడిచింది. వాటిలో నన్ను కదిలించేది న్యూయార్క్‌లోని హీబ్రూ పబ్లిషింగ్ కంపెనీ వేసిన కార్డు. ఒక పక్క మూటాముల్లె పట్టుకున్న రష్యా యూదులు, ఇంకో పక్క రమ్మని చేతులు చాచే అమెరికా బంధువులు, పైన రెండు దేశాల చిహ్నాలైన గద్దలు. ఊరు వదిలి పోవాల్సి వచ్చినవాళ్ల చరిత్రంతా ఆ చిన్న అట్టముక్కలో ఉంది.

అమెరికాలో అప్పట్లో ప్రచురించిన బొమ్మలకు కాపీరైట్ గరిష్ఠంగా 95 ఏళ్లు. అంటే 1930లో, అంతకు ముందు వచ్చినవి 2026 నాటికి అక్కడ అందరివీ అయ్యాయి. మన దేశంలో లెక్క వేరు, మామూలుగా చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు. ఉచిత బొమ్మల వెబ్‌సైట్ వికీమీడియా కామన్స్‌లో వెతికితే ఇలాంటివి దొరుకుతాయి, ప్రతి బొమ్మ కింద హక్కుల వివరం చదవండి. పంచేటప్పుడు ప్రచురణకర్త పేరు, ఏడాది కూడా రాయండి. చట్టం అడగకపోయినా ఆ కార్డు ఎక్కడిదో చూసేవాళ్లకు తెలియాలి. బొమ్మను కత్తిరిస్తే హీబ్రూ శుభాకాంక్ష మాత్రం పోకుండా చూడండి.