యాప్‌లో ధ్యానం చాలదా, పదిమందితో కలిసి కూర్చోవాలా?

మీరు అడిగినవి రెండు. మనసు కుదుటపడటానికి ఇంట్లో యాప్ పెట్టుకుని ధ్యానం చేస్తే సరిపోదా, పనిగట్టుకుని విపశ్యన (ఒంట్లో కలిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించే బౌద్ధ ధ్యానం) నేర్పే కేంద్రం దాకా వెళ్లాలా అన్నది ఒకటి. ఇలాంటి చోట్లు ప్రపంచాన్నే మారుస్తాయంటారు, అందులో నిజమెంత అన్నది రెండోది. హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు, నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రంలో నేను పది రోజుల కోర్సు చేశాను. తర్వాత అక్కడే సేవకూ వెళ్లాను. నా మటుకు నాకు ఇల్లు చాలలేదు.

మా తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. ఇంట్లో కళ్లు మూసుకుని కూర్చుంటే ఎవరో ఒకరు పలకరింపుకు వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పాలి. "నువ్వే ఇలా అయిపోతే అమ్మానాన్నల్ని ఎవరు చూస్తారమ్మా" అనేవాళ్లు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ ఆ ఇంట్లో నాకు ఏడవడానికి చోటు లేదు.

కేంద్రంలో అడుగుపెట్టాక ఫోన్, పుస్తకాలు, పెన్ను అన్నీ అప్పగించేయాలి. ఆ సాయంత్రం నుంచి ఆర్య మౌనం. మాటలే కాదు, సైగలు కూడా ఉండవు. తెల్లవారి నాలుగింటికి గంట కొడతారు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి టీ, కాస్త ఏదో తినడానికి. మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడం, అంతే. నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే నొప్పి, తిమ్మిరి, వేడి, పులకరింత, ఏది వచ్చినా దాన్ని తోసేయకుండా, పట్టుకుని వేలాడకుండా చూస్తూ ఉండటం. ఇంతవరకూ యాప్ కూడా చెప్పగలదు.

యాప్ ఇవ్వలేనిది హాల్లో దొరికింది. నా వెనక వరుసలో ఎవరో ఒకావిడ రోజూ మధ్యాహ్నం వెక్కి వెక్కి ఏడ్చేది. లేచి వెళ్లి చెయ్యి పట్టుకునే వీలు లేదు. మొదట్లో నాకు ఇది మరీ కఠినంగా అనిపించింది. కొన్ని రోజులు వింటే తెలిసింది, ఆ ఏడుపు దానంతట అదే వస్తోంది, కాసేపటికి దానంతట అదే ఆగుతోంది. ఎవరూ ఓదార్చకుండానే. అనిత్యం గురించి, అంటే ఏదీ శాశ్వతం కాదన్న మాట గురించి, సాయంత్రం ప్రవచనంలో వినడం వేరు, పక్క మనిషి దుఃఖం లేచి అణగడం చెవులారా వినడం వేరు. నాకు ఏడుపు వచ్చినప్పుడు కూడా ఎవరూ ఆపలేదు, ఎవరూ కారణం అడగలేదు. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కరికీ నేను జవాబు చెప్పుకోనక్కర్లేదు. నాకు కావలసింది అదేనని అక్కడ కూర్చున్నాకే అర్థమైంది.

ఇంకోటి, కదలకుండా గంట కూర్చోమంటారు, ఆ గట్టి సంకల్పాన్ని అధిష్ఠానం అంటారు. ఇంట్లో ఇరవై నిమిషాలకే లేచిపోయే నేను అక్కడ కూర్చోగలిగాను. మోకాళ్లు లాగేస్తున్నా చుట్టూ అందరూ ఆ సంకల్పం నిలబెట్టుకుంటున్నారు కదా అన్న ధీమా మనల్ని కూడా నిలబెడుతుంది.

ఇక ప్రపంచం సంగతి. ఈ కోర్సులు మన దేశంలో మొదలుపెట్టిన సత్యనారాయణ్ గోయెంకా గారు బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి. విపరీతమైన తలనొప్పితో బాధపడుతూ 1955లో ఊ బా ఖిన్ దగ్గర ఈ సాధన నేర్చుకున్నారు. ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థుడు. గోయెంకా గారు 1969లో మన దేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. ధమ్మఖేత్త 1976లో వెలిసింది. అక్కడి నుంచి ఇన్ని దేశాలకు పాకినా ఒక నియమం మారలేదు. దేనికీ రుసుము లేదు, గదికీ లేదు, అన్నానికీ లేదు. కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతోనే నడుస్తుంది. అంటే మీరు తినే ముద్ద మీకంటే ముందు అక్కడ కూర్చుని వెళ్లిన ఎవరో పెట్టింది. మన నేలకు ఇది కొత్తేమీ కాదు. అమరావతి స్తూపానికి ఒక చర్మకారుడు ఇచ్చిన దానం కూడా శాసనంలో ఉంది. రాజులు మాత్రమే కట్టినవి కావు ఆ చోట్లు.

సేవకు వెళ్లినప్పుడు ఇది ఇంకా బాగా కనిపించింది. కూరలు తరగడానికి, బాత్రూములు కడగడానికి సేవకు వచ్చినవాళ్లంతా పాత సాధకులే, అంటే ఇదివరకే కోర్సు చేసినవాళ్లు, వాళ్లకు జీతం ఉండదు. రోజుకు మూడుసార్లు వాళ్లూ హాల్లో కూర్చోవాలి. నా పక్కన బీరకాయలు చెక్కు తీసినావిడ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తారని కోర్సు అయ్యాక గానీ తెలియలేదు. ఎవరు ఎవరికంటే ఎక్కువో లెక్క లేకుండా పది రోజులు గడపగలమని చూడటమే నాకు పెద్ద మార్పు.

బయటి లోకానికి దీని ప్రభావం ఏమిటంటే నాకు ముందు గుర్తొచ్చేది జైళ్లు. 1975లోనే జైపూర్ సెంట్రల్ జైల్లో కోర్సు పెట్టారు. కిరణ్ బేదీ గారు తీహార్ జైళ్ల ఐజీగా ఉన్నప్పుడు, 1994 ఏప్రిల్‌లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి కూర్చున్నారు. తర్వాత ఆ ఆవరణలోనే శాశ్వత కేంద్రం వచ్చింది. జైలు సిబ్బంది కూడా కోర్సులు చేశారు. కాపలా కాసే మనిషీ, లోపల ఉన్న మనిషీ ఒకే సాధన చేయడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. అలాగని కళ్లు మూసుకుంటే చట్టాలు మారవు, కూలి రేట్లు పెరగవు. వాటికోసం వీధిలోకి రావాల్సిందే. కోపం తలకెక్కకుండా ఆ పని చేయగల మనుషులు ఇలాంటి చోట్ల తయారవుతారని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఒక్క హెచ్చరిక. డిప్రెషన్‌కో, మరే మానసిక సమస్యకో మందులు వాడుతుంటే దరఖాస్తులో దాచకండి, మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి. అన్ని గంటల మౌనం కొందరికి టెన్షన్ పెంచుతుంది. ఇది వైద్యానికి బదులు కాదు.

మీది ఏ ఊరో రాయలేదు. నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున ఉంది, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, సీట్లు త్వరగా నిండుతాయి కాబట్టి ముందే పెట్టుకోండి. పదకొండో రోజు ఉదయం బయటికి వచ్చాక నేరుగా ఆఫీసుకు వెళ్లొద్దు, ఒక రోజు అదనంగా సెలవు పెట్టండి. తర్వాత మీ ఊళ్లో వారానికోసారి కలిసి కూర్చునే పాత సాధకులు ఉన్నారేమో కేంద్రంలోనే అడగండి. నా సాధన ఇప్పటికీ నిలిచిందంటే మా కాలనీలో ఒకరింట్లో ఆదివారాలు కూర్చోవడం వల్లే.