ఐరన్ మాత్రలు వేసినా రక్తం ఎక్కట్లేదంటే
మీ వదినకి 43 ఏళ్లు, తొమ్మిది రోజుల నెలసరి, ముద్దలు ముద్దలుగా రక్తం, పొత్తికడుపు బరువు, మాటిమాటికీ మూత్రం అని, ఇదంతా గ్యాసేమోనని అడిగారు కదా. ఇది గ్యాస్ కాదండి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు అయ్యుండొచ్చు. మాత్రలతో ఎక్కేదానికన్నా పోయేదే ఎక్కువ, అందుకే నీరసం తగ్గట్లేదు.

చాలామంది స్కాన్‌లో సైజు ఒక్కటే చూసి ఊరుకుంటారు. అసలు చూడాల్సింది గడ్డ ఉన్న చోటు. గర్భసంచి లోపొరలోకి పొడుచుకొచ్చిన 2 సెంటీమీటర్ల గడ్డ విపరీతంగా రక్తం పోగొట్టొచ్చు. బయటి గోడ మీద 6 సెంటీమీటర్లది ఉన్నా ఒక్కోసారి ఏ బాధా ఉండదు.

1. మీ పర్లాకిమిడిలోనే సీబీసీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే రక్తపరీక్ష) చేయించండి. హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువుంటే ఆగొద్దు, బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో శ్రీకాకుళానికో తీసుకెళ్లండి.
2. టీవీఎస్ స్కాన్‌లో (యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్) గడ్డ ఏ పొరలో ఉందో రాయించుకోండి.
3. గర్భసంచి లోపొర నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) గురించి డాక్టర్‌ని అడగండి. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ అవడం చాలా అరుదు, కానీ ఈ వయసులో రక్తస్రావానికి వేరే కారణం కూడా ఉండొచ్చు.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగి పడినా, అర్ధరాత్రైనా సరే 108కి ఫోన్ చేయండి.

గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. లోపొర గడ్డల్ని చాలావరకు కడుపు కోయకుండా హిస్టెరోస్కోపీతో (యోని దారిలో సన్నని కెమెరా గొట్టం పంపి) తీస్తారు.